తాగుడు మానాలనుకునేవాళ్ళ మీటింగు (ఏఏ): మన సీమ ఊళ్ళలో ఎలా వెతకాలి, ఎలా వెళ్ళాలి

"కర్నూల్లో ఏఏ మీటింగు ఎక్కడ జరుగుతుంది?" అని అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. అనంతపురం, కడప నుంచి కూడా ఇదే ప్రశ్న. కొందరు తమ కోసం అడుగుతారు, కొందరు మొగుడి కోసం, అన్న కోసం, కొడుకు కోసం. అందరూ అడిగేది ఒక అడ్రస్.

అడ్రస్ ఇక్కడ ఇవ్వడం లేదు. ఈ మీటింగులకు సొంత భవనాలు ఉండవు. ఏ స్కూలు గదిలోనో, చర్చి ఆవరణలోనో, ఆసుపత్రి హాల్లోనో జరుగుతాయి. స్కూల్లో పరీక్షలు వస్తే గది మారుతుంది, తాళం చెవి ఉన్న మనిషి ట్రాన్స్‌ఫర్ అయితే రోజు మారుతుంది. పాత అడ్రస్ పట్టుకుని, ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని వెళ్ళిన మనిషికి తలుపు తాళం వేసి కనిపిస్తే ఇంకోసారి వెళ్తాడని నేననుకోను. కాబట్టి గది కంటే ముందు, ఆ గదికి వారం వారం వెళ్ళే మనిషి ఒకరు మీకు దొరకాలి. కింద చెప్పేదంతా ఆ మనిషిని ఎలా పట్టుకోవాలి, దొరికాక ఏం చేయాలి అనే దాని గురించే.

ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్. 1935లో అమెరికాలోని ఏక్రన్ అనే ఊళ్ళో ఒక స్టాక్ బ్రోకరు, ఒక సర్జన్ కలిసి మొదలుపెట్టారు. ఇద్దరూ తాగుడుతో చితికిపోయినవాళ్ళే. మన దేశంలో 1957 నుంచి నడుస్తోంది. ఫీజు లేదు, దరఖాస్తు లేదు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటి ఉంటే చాలు, సభ్యుడే.

ఎందుకు పనిచేస్తుందని అడిగితే నేను అయ్యప్ప మాల సంగతి చెప్తాను. మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టని మనిషి, మాల తీసిన వారానికే మళ్ళీ మొదలుపెట్టడం మనం ప్రతి వీధిలో చూసిందే. ఆ 41 రోజులూ చుట్టూ స్వాములు ఉంటారు, సాయంత్రం భజన ఉంటుంది, ఎవరూ గ్లాసు చేతికివ్వరు. మాల తీయగానే ఆ గుంపు చెదిరిపోతుంది. మీటింగు అంటే చెదిరిపోని గుంపు. సిద్ధాంతం ఇంతకంటే అక్కర్లేదు.

ముందు ఇది చూసుకోండి: మీకు డాక్టరు అవసరమా?

ఇది దాటేసి కిందికి వెళ్ళొద్దు. రోజూ తాగేవాళ్ళు ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి రావచ్చు. పొద్దున లేవగానే చేతులు వణుకుతున్నాయా? ఆ వణుకు ఆగడానికి ఒక పెగ్గు పడాల్సి వస్తోందా? ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా? ఒక్కదానికి "అవును" అన్నా మీటింగు కంటే ముందు ఆసుపత్రి.

చివరి పెగ్గు పడ్డాక కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు, గుండె దడ మొదలవుతాయి. ఫిట్స్ వచ్చే ప్రమాదం మొదటి రెండు రోజుల్లో ఎక్కువ. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పుతుంది. లేని మనుషులు కనిపిస్తారు, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, ఉన్నది ఏ ఊరో కూడా తెలియదు. మన పల్లెల్లో దీన్ని గాలి సోకిందని, దయ్యం పట్టిందని అనుకుని తాయెత్తు కట్టించడానికి తీసుకెళ్తారు. ఆ పోయిన సమయంలోనే ప్రాణాలు పోతాయి. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇంకో పొరపాటు ఆర్‌ఎంపీ దగ్గర జరుగుతుంది. "నీరసంగా ఉన్నాడు, గ్లూకోజ్ ఎక్కించండి" అని ఇంటివాళ్ళే అడుగుతారు. ఏళ్ళ తరబడి తాగినవాళ్ళ ఒంట్లో బీ1 విటమిన్ చాలా తగ్గిపోయి ఉంటుంది. అది ఇవ్వకుండా ఉత్త గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకు దెబ్బ తగలొచ్చు. అందుకే మానసిక వైద్యులు ఉన్న చోటికే వెళ్ళండి. కర్నూలు పెద్దాసుపత్రి, అనంతపురం సర్వజనాసుపత్రి, కడప రిమ్స్, మూడూ మెడికల్ కాలేజీలకు అనుబంధంగా ఉన్నవే. పొద్దున్నే ఓపీ చీటీ రాయించుకుని మానసిక వైద్య విభాగానికి వెళ్ళండి. ఎంత తాగుతున్నారో నిజం చెప్పండి. క్వార్టరు తాగేవాళ్ళు "అప్పుడప్పుడు" అంటారు, హాఫ్ తాగేవాళ్ళు "క్వార్టరు" అంటారు. డాక్టరు మందు మోతాదు వేసేది మీరు చెప్పే లెక్కను బట్టే.

వారానికి ఒకటి రెండు సార్లు తాగి, మధ్యలో ఏ ఇబ్బందీ లేకుండా ఉండగలిగేవాళ్ళు నేరుగా మీటింగు వెతుక్కోవచ్చు.

కావలసినవి

ఒక ఫోను, దానిలో కాస్త బ్యాలెన్స్. రాసుకోవడానికి కాగితం. వారంలో ఒక సాయంత్రం రెండు మూడు గంటలు ఖాళీ. బస్సు ఛార్జీలు. పల్లె నుంచి వచ్చేవాళ్ళకు తిరుగు బస్సు టైము. ఆధార్, ఫోటోలు, సిఫారసు ఉత్తరాలు ఏవీ అక్కర్లేదు. మీటింగుకు డబ్బు కూడా కట్టక్కర్లేదు.

1. నంబరు సంపాదించండి

మూడు దారులున్నాయి. మూడూ ఒకే రోజు ప్రయత్నించండి, ఒకటి విఫలమయ్యాక ఇంకొకటి అని కూర్చోవద్దు.

మొదటిది ఏఏ సొంత దారి. ఏఏ ఇండియా జనరల్ సర్వీస్ ఆఫీసు ముంబైలో ఉంది. దాని వెబ్‌సైట్‌లో ఊళ్ళవారీగా మీటింగుల వివరాలు, హెల్ప్‌లైన్ నంబరు ఉంటాయి. మీ ఊరి పేరు కొట్టి చూడండి, కనిపించకపోతే పక్క జిల్లా చూడండి. హైదరాబాద్, బెంగళూరు గ్రూపులవాళ్ళకు ఫోన్ చేసి "మా వైపు మీ మనుషులెవరైనా ఉన్నారా?" అని అడిగినా పని జరుగుతుంది. జాబితాలోకి ఎక్కని సభ్యులు చాలా ఊళ్ళలో ఉంటారు, వాళ్ళ సంగతి వాళ్ళలో వాళ్ళకే తెలుస్తుంది.

రెండోది ప్రభుత్వ హెల్ప్‌లైన్లు. 14446 వ్యసనాల నుంచి బయటపడేందుకు కేంద్ర ప్రభుత్వం నడిపే టోల్‌ఫ్రీ నంబరు. 14416 టెలి మానస్, అంటే మానసిక ఆరోగ్యానికి ఫోన్ సాయం. 2022 అక్టోబరులో మొదలైంది, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. మీటింగు అడ్రస్ వాళ్ళ దగ్గర దొరక్కపోయినా దగ్గర్లో ఉన్న చికిత్సా కేంద్రం ఏదో చెప్తారు. రాత్రి పదకొండింటికి మనసు పీకుతున్నప్పుడు మాట్లాడటానికి కూడా ఈ నంబరు వాడుకోవచ్చు.

మూడోది నాకు ఎక్కువ నమ్మకమున్న దారి. పెద్దాసుపత్రి మానసిక వైద్య విభాగంలో ఉండే కౌన్సెలరు, సోషల్ వర్కరు, లేదా వార్డులో ఏళ్ళుగా పనిచేస్తున్న నర్సు. "ఇక్కడ చేరి, మానేసి బాగున్నవాళ్ళు ఎవరైనా మీటింగులకు వెళ్తున్నారా?" అని అడగండి. వాళ్ళు నంబరు నేరుగా ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. మీ నంబరు రాసిచ్చి, "ఆయనకు ఇష్టమైతే నాకు ఫోన్ చేయమనండి" అని చెప్పి రండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఫోన్లో "డీఅడిక్షన్" అని వెతికితే ముందు కనిపించేవి ఎక్కువగా ప్రకటనలే. కొన్ని చోట్ల ఫోన్ ఎత్తగానే మీ ఊరు, జీతం అడుగుతారు, "బండి పంపిస్తాం, మనిషిని ఎక్కించుకుని వస్తాం" అంటారు. అది మీటింగు కాదు. నెలకింత అని వసూలు చేసే కేంద్రం. అలాంటివాటిలో మంచివీ ఉన్నాయి, గదిలో వేసి తాళం పెట్టి కొట్టేవీ ఉన్నాయి. చేరాలనుకుంటే 2017 మానసిక ఆరోగ్య చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందో లేదో కాగితం చూపించమనండి. చూపించడానికి నసిగితే లేచి వచ్చేయండి. ఏఏని గుర్తుపట్టడం మాత్రం సులువు: ఫీజు అడిగారంటే అది ఏఏ కాదు.

2. ఫోన్లో ఏం అడగాలి

చాలామంది నంబరు దొరికాక వారాల తరబడి జేబులో పెట్టుకుని తిరుగుతారు. ఏం మాట్లాడాలో తెలియక. ఇలా మొదలుపెట్టండి చాలు:

"నమస్తే అన్నా. కర్నూలు నుంచి మాట్లాడుతున్నా. మందు మానాలనుకుంటున్నా. మీటింగు గురించి అడుగుదామని."

పేరు చెప్పకపోయినా వాళ్ళేమీ అనుకోరు. తర్వాత ఇవి అడిగి కాగితం మీద రాసుకోండి: ఏ రోజు, ఎన్ని గంటలకు? ఏ గేటు నుంచి లోపలికి రావాలి, ఎన్నో అంతస్తు? తెలుగులోనే మాట్లాడతారా? అది ఓపెన్ మీటింగా, క్లోజ్డ్ మీటింగా? (ఓపెన్ అయితే ఇంటివాళ్ళు కూడా రావచ్చు, క్లోజ్డ్ అయితే తాగుడు సమస్య ఉన్నవాళ్ళే.) గేటు దగ్గర ఎవరైనా నిలబడతారా?

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న చివర అడగండి: "పోయిన వారం మీటింగు జరిగిందా? మీరు వెళ్ళారా?" వెళ్ళానన్న మనిషి మాట పట్టుకుని వెళ్ళొచ్చు. "జరుగుతుండొచ్చు" అన్న మనిషి దగ్గర ఇంకో నంబరు తీసుకోండి.

అవతలివాళ్ళు ఎత్తకపోతే సాయంత్రం ఇంకోసారి చేయండి. వాళ్ళూ ఉద్యోగాలు, సేద్యాలు ఉన్నవాళ్ళే, ఆఫీసులో కూర్చుని ఫోన్లెత్తే జీతగాళ్ళు కారు. మెసేజ్ పెడితే "మీటింగు గురించి" అని ఒక్క ముక్క చాలు. నంబరు సేవ్ చేసుకునేటప్పుడు మామూలు పేరుతో చేసుకోండి. ఇంట్లో పిల్లలు మీ ఫోన్‌తో ఆడుతుంటారు, ఏఏ అని పేరు కనబడితే ప్రశ్నలు మొదలవుతాయి.

3. "ఎవరైనా చూస్తే?" అనే భయం

కర్నూల్లో కొండారెడ్డి బురుజు దగ్గర తుమ్మితే సీ క్యాంపులో "చిరంజీవ" అనే చుట్టాలుంటారు. కడప, అనంతపురం కూడా అంతే. కాబట్టి భయం న్యాయమైనదే. కానీ ఒకటి ఆలోచించండి. మీరు వైన్ షాపు ముందు నిలబడినప్పుడు ఊరంతా చూసింది. మీటింగు గదిలో మిమ్మల్ని చూసే మనిషి, తనూ అదే కారణంతో వచ్చినవాడు. అక్కడ విన్నది, అక్కడ చూసిన ముఖం బయట చెప్పకూడదన్నది వాళ్ళు గట్టిగా పాటించే పద్ధతి. అనానిమస్, అంటే పేరు బయటపెట్టనివాళ్ళు, అన్న మాట పేరులోనే ఉంది.

అయినా మనసు ఒప్పుకోకపోతే వేరే ఊళ్ళో వెళ్ళండి. నంద్యాలవాళ్ళు కర్నూలుకు, కర్నూలువాళ్ళు హైదరాబాద్ పనిమీద వెళ్ళినప్పుడు అక్కడికి, అనంతపురంవాళ్ళు బెంగళూరుకు వెళ్ళొచ్చు. బెంగళూరులో పనిచేసే మన అనంతపురం పిల్లలకు నేను చెప్పేది కూడా ఇదే: పండక్కి ఊరికొచ్చి వెతకడం కంటే, ఉన్న చోటే ముందు మొదలుపెట్టుకోండి.

టీచర్లు, పోలీసులు, బ్యాంకులో పనిచేసేవాళ్ళు మొదట ఆన్‌లైన్ మీటింగుతో మొదలుపెట్టడం మంచిది. జూమ్‌లో జరుగుతాయి, కెమెరా ఆపి, పేరు మార్చుకుని కూర్చోవచ్చు. కానీ దానితోనే ఆగిపోవద్దు. కెమెరా ఆపి ఒక చేత్తో గ్లాసు పట్టుకుని మీటింగు విన్నవాళ్ళు కూడా ఉంటారు, వాళ్ళే తర్వాత ఒప్పుకుంటారు.

ఆడవాళ్ళకు ఈ భయం రెండింతలు. మన ఊళ్ళ గ్రూపుల్లో ఆడవాళ్ళు తక్కువ. ఫోన్ చేసినప్పుడే "ఆడ సభ్యులు ఎవరైనా ఉన్నారా, ఆమెతో ముందు మాట్లాడొచ్చా?" అని అడగండి. వేరే ఊళ్ళో ఉన్న అక్క అయినా సరే. ఆడవాళ్ళకు మాత్రమే జరిగే ఆన్‌లైన్ మీటింగులు కూడా ఉన్నాయి.

4. వెళ్ళే రోజు

మీటింగు రోజు తాగకుండా వెళ్ళడానికి చూడండి. తాగి ఉన్నా తిరిగి పంపరు, గొడవ చేయకుండా మూల కుర్చీలో కూర్చుని వినమంటారు. కానీ ఆ స్థితిలో బండి నడుపుకుంటూ మాత్రం వెళ్ళొద్దు.

కడుపు నిండా తినండి. ఆకలి మీద ఉన్నప్పుడు, కోపం మీద ఉన్నప్పుడు, ఒంటరిగా ఉన్నప్పుడు, అలిసిపోయినప్పుడు తాగాలన్న పీకుడు ఎక్కువ. ఈ నాలుగింటినీ పాత సభ్యులు వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్తారు.

దారి ముందే నిర్ణయించుకోండి. బస్టాండు నుంచి మీటింగు గదికి వెళ్ళే దారిలో మీరు అలవాటుగా ఆగే షాపు ఉంటే ఆటో మాట్లాడుకుని ఇంకో రోడ్డు మీదుగా వెళ్ళండి. ఇరవై ముప్ఫై రూపాయలు ఎక్కువైనా ఫరవాలేదు, రాష్ట్రంలో క్వార్టరు 99 రూపాయలకు కూడా దొరుకుతోంది, ఆ లెక్కన లాభమే. పత్తికొండ, ఆలూరు వైపు నుంచి వచ్చేవాళ్ళు ఆఖరి బస్సు టైము చూసుకోండి. బస్సు తప్పి రాత్రంతా బస్టాండులో గడపాల్సి వస్తే మొదటి మీటింగే ఆఖరిదవుతుంది. టైము కుదరకపోతే ఫోన్లో మాట్లాడిన అన్నకు ముందే చెప్పండి, ఒక్కోసారి బండి మీద దింపేవాళ్ళు ఉంటారు.

పది నిమిషాలు ముందుగా వెళ్ళండి. ఆలస్యంగా వెళ్తే అందరూ తలతిప్పి చూస్తారు, ఆ చూపుకే వెనక్కి తిరిగినవాళ్ళున్నారు.

5. లోపల ఏం జరుగుతుంది

కుర్చీలు, ముందు ఒక బల్ల, చాలా చోట్ల టీ. ఐదుగురుండొచ్చు, పాతికమందుండొచ్చు. ఒకాయన మీటింగు నడుపుతాడు, ఆయన ఆఫీసరు కాదు, మీలాగే మానినవాడు. మొదట ఒక చిన్న ప్రార్థన, కొన్ని చదివే ముక్కలు. తర్వాత ఒక్కొక్కరు "నా పేరు ఫలానా, నేను ఆల్కహాలిక్‌ని" అని మొదలుపెట్టి తమ సంగతి చెప్తారు. మధ్యలో ఎవరూ అడ్డురారు, సలహాలివ్వరు, తప్పుబట్టరు. గంట, గంటన్నరలో అయిపోతుంది.

"కొత్తవాళ్ళెవరైనా ఉన్నారా?" అని అడుగుతారు. చేయెత్తి పేరు చెప్తే చాలు. "ఈ రోజు వింటానన్నా" అంటే బలవంతం చేయరు. చివర్లో ఒక సంచో డబ్బానో తిరుగుతుంది, గది అద్దెకు, టీకి. కొత్తవాళ్ళు వేయనక్కర్లేదు.

దేవుడి మాట వినిపిస్తుంది. చర్చి ఆవరణలో జరిగితే "మతం మార్చేస్తారేమో" అని, ప్రార్థన వినగానే "నాకు నమ్మకం లేదు కదా" అని లేచి వచ్చేవాళ్ళున్నారు. గది ఎవరు ఇస్తే అక్కడ పెట్టుకుంటారు, అంతవరకే. తాగుడు మాని నిలబడటానికి ఏఏ చూపే దారిని 12 మెట్లు అంటారు, వాటిలో దేవుడి గురించి "మేము అర్థం చేసుకున్న విధంగా" అని స్పష్టంగా ఉంది. హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు, నాస్తికులు ఒకే వరసలో కూర్చుంటారు. కులం అడగరు, పార్టీ అడగరు. మన సీమలో పార్టీ అడగకపోవడం చిన్న విషయమేమీ కాదు.

వినేటప్పుడు ఒక పని చేయండి. "ఈయన ఇల్లు అమ్ముకున్నాడు, నేను అంతదాకా రాలేదు" అని తేడాలు వెతకడం మొదలవుతుంది మనసులో. అది ఆపి, మీతో కలిసే ఒక్క ముక్క కోసం వినండి. సీసా దాచిన చోటు, ఇంట్లో చెప్పిన అబద్ధం, పొద్దున్నే వేసిన ఒట్టు, ఏదో ఒకటి కలుస్తుంది.

6. మీటింగు అయ్యాక పదిహేను నిమిషాలు

అసలు పని ఇక్కడ ఉంది. దాదాపు అందరూ ఇక్కడే పొరపాటు చేస్తారు. ఆఖరి ప్రార్థన కాగానే చెప్పులేసుకుని జారుకుంటారు. ఆగండి. టీ తాగండి. కనీసం ముగ్గురి ఫోన్ నంబర్లు తీసుకోండి, అక్కడే మిస్డ్ కాల్ ఇచ్చి పనిచేస్తున్నాయో లేదో చూసుకోండి. మీకు ఏ టైములో కష్టమో వాళ్ళకు చెప్పండి: "సాయంత్రం ఏడైతే నిలవలేనన్నా." ఆ టైముకు ఫోన్ ఎత్తగలిగేది ఎవరో వాళ్ళలో వాళ్ళే చెప్తారు.

ఆ మరుసటి రోజే, ఏ కష్టమూ లేనప్పుడే, ఒకరికి ఫోన్ చేయండి. ఊరికే. మామూలు రోజున చేసిన అలవాటు లేనివాళ్ళు, కాళ్ళు వైన్ షాపు వైపు నడుస్తున్నప్పుడు అసలే చేయరు.

7. తర్వాతి వారాలు

ఒక్క మీటింగుతో తీర్పు చెప్పొద్దు. కనీసం ఆరు చూడండి. పెద్ద ఊళ్ళలో కొత్తవాళ్ళకు 90 రోజుల్లో 90 మీటింగులు అంటారు. మన ఊళ్ళలో వారానికి ఒకటి రెండుంటే గొప్ప కాబట్టి మిగతా రోజులు ఆన్‌లైన్‌తోనో ఫోన్ కాల్‌తోనో నింపుకోండి. కొన్ని వారాలయ్యాక, ఎక్కువ కాలం మానేసి నిలబడ్డ ఒకరిని మీ స్పాన్సర్‌గా ఉండమని అడగండి. మగవాళ్ళకు మగవాళ్ళు, ఆడవాళ్ళకు ఆడవాళ్ళు. స్పాన్సర్ అంటే ఖర్చు పెట్టేవాడు కాదు, 12 మెట్లలో దారి చూపేవాడు.

ఊళ్ళో దేవర (గ్రామదేవత జాతర) వచ్చినప్పుడు, పెళ్ళిళ్ళ సీజన్లో జాగ్రత్త. దేవరకు పొట్టేలు కోసిన ఇంట్లో మందు లేకుండా ఉండదు, బావమరిది "ఈ ఒక్క రోజుకేముంది మామా" అంటాడు. మొదటి ఏడాది వెళ్ళకపోయినా ఎవరూ చచ్చిపోరు. తప్పదనుకుంటే భోజనం వేళకు వెళ్ళి, తిని, చీకటి పడకముందే రండి. వెళ్ళేముందు ఒకరికి, వచ్చాక ఒకరికి ఫోన్ చేయండి. "లివర్ బాలేదు, డాక్టరు వద్దన్నాడు" అంటే మన దగ్గర ఎక్కువ వాదించరు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

డాక్టరు ఇచ్చిన మాత్రలు మానేయడం. "నేను మాత్రలు లేకుండానే మానాను" అని ఎవరో సభ్యుడు అనొచ్చు, అది ఆయన సంగతి. వైద్యం గురించి ఏఏ ఏమీ చెప్పదు. మందులు ఆపే మాట డాక్టరు నోట రావాలి.

అప్పులు. మీటింగులో పరిచయమైనవాళ్ళ దగ్గర అప్పు తీసుకోవద్దు, ఇవ్వొద్దు, చిట్టీలు వేయొద్దు. డబ్బు మధ్యలోకి వస్తే మొహం చాటేయాల్సి వస్తుంది, మొహం చాటేస్తే మీటింగు పోతుంది.

అక్కడ విన్న కథ ఇంటికొచ్చి భార్యతో చెప్పడం. పేరు చెప్పకపోయినా "ఫలానా వీధి మేస్త్రీ" అంటే చాలు, తెలిసిపోతుంది. గ్రూపు ఫోటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం కూడా ఇదే కోవలోది.

మళ్ళీ తాగి, సిగ్గుపడి వెళ్ళకపోవడం. ఇది అన్నిటికంటే పెద్దది. తాగారా, ఆ వారమే వెళ్ళి "తాగినాను" అని చెప్పండి. ఆ గదిలో ఆ మాట ఒకప్పుడు చెప్పనివాళ్ళు తక్కువ. వరసగా కొన్ని రోజులు తాగి ఉంటే మాత్రం పైన చెప్పిన వణుకు, ఫిట్స్ సంగతి గుర్తుంచుకుని ముందు ఆసుపత్రికి వెళ్ళండి.

పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది

నెల తర్వాత మీకు మీరే చూసుకోండి. రాత్రి ఎనిమిదికి ఫోన్ చేయగల మనుషులు ఎంతమంది ఉన్నారు? ఒక్కరూ లేకపోతే, ఒక్క చుక్క తాగకపోయినా, మీటింగు ఇంకా మొదలవనట్టే. మీ సాయంత్రాలు దేనితో నిండుతున్నాయి? మీటింగుకు వెళ్ళలేకపోయిన వారం ఏదో వెలితి అనిపిస్తోందా? ఇవి మంచి గుర్తులు.

నిద్ర త్వరగా సర్దుకుంటుందని ఆశపడొద్దు, వారాలు పట్టొచ్చు, నెలలూ పట్టొచ్చు. నిద్ర కోసం మెడికల్ షాపులో మాత్రలు అడిగి కొనుక్కోవద్దు, అది ఇంకో అలవాటు అవుతుంది. కళ్ళతో చూడగల రుజువు కావాలంటే మొదట్లోనే లివర్ పరీక్ష చేయించుకుని, నెల రెండు నెలలయ్యాక డాక్టరు చెప్పినప్పుడు మళ్ళీ చేయించండి. జీజీటీ అనే అంకె తాగుడు ఆపితే చాలామందికి కొన్ని వారాల్లోనే దిగడం మొదలవుతుంది. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

ఆరు మీటింగులకు వెళ్ళినా మనసుకు ఎక్కకపోతే ఏఏ ఒక్కటే దారి అనుకోవద్దు. ఆసుపత్రిలో కౌన్సెలింగ్ ఉంది. తాగాలన్న పీకుడు తగ్గించే మందులున్నాయి, డాక్టరుతో మాట్లాడండి. బెంగళూరులోని నిమ్హాన్స్ అనే మానసిక వైద్య సంస్థలో వ్యసనాలకే ప్రత్యేక విభాగం ఉంది, అనంతపురం నుంచి పొద్దున బయల్దేరితే చేరుకోవచ్చు. గంజాయి లాంటివి కూడా ఉంటే నార్కోటిక్స్ అనానిమస్ అని వేరే మీటింగులున్నాయి.

మీ ఊళ్ళో మీటింగే లేకపోతే

ఇద్దరు చాలు. మానాలనుకునే ఇద్దరు వారానికోసారి ఒక చోట కూర్చుంటే అదే గ్రూపు, ఏఏ పద్ధతిలోనే ఆ మాట ఉంది. కానీ ఇద్దరూ కొత్తవాళ్ళే అయితే ప్రమాదం, ఒకరు జారితే రెండోవారూ జారతారు. కాబట్టి పెద్ద ఊరి గ్రూపువాళ్ళకు ఫోన్ చేసి, ఒక పాత సభ్యుడిని నెలకోసారి రమ్మని అడగండి. సొంత ఖర్చుతో వచ్చేవాళ్ళుంటారు, తాగుడుతో బాధపడే ఇంకొకరికి సాయపడటం వాళ్ళ 12వ మెట్టు. గది కోసం స్కూలు హెడ్మాస్టరునో, చర్చి ఫాదర్‌నో, ఆసుపత్రి సూపరింటెండెంటునో అడగొచ్చు. ఎవరింట్లోనూ పెట్టొద్దు, ఆ ఇంటివాళ్ళకు ఏ గొడవ వచ్చినా మీటింగు ఆగిపోతుంది.

ఇంటివాళ్ళకు

మీకు వేరే మీటింగులున్నాయి, అల్-అనాన్ అంటారు, తాగేవాళ్ళ భార్యలు, తల్లులు, తోబుట్టువుల కోసం. ఏఏ నంబరులోనే అడగండి. ఆయన రానన్నా మీరు వెళ్ళొచ్చు.

ఆయనకు తెలియకుండా అన్నంలో, మజ్జిగలో మాన్పించే మాత్ర కలపొద్దు. కొన్ని మాత్రలు ఒంట్లో ఉండగా తాగితే బీపీ పడిపోతుంది, గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. పొడుల ప్రకటనలు చూసి తెప్పించేవాటిలో ఏముందో కనుక్కునే దారే లేదు. మీటింగు నుంచి రాగానే నోరు వాసన చూడటం, "ఏం చెప్పినావక్కడ?" అని గుచ్చి అడగడం మానుకోండి. భోజనం పెట్టి ఊరుకోండి.

ఇంట్లో కొట్టడం, బెదిరించడం జరుగుతుంటే మాత్రం మీటింగుల ఫలితం కోసం ఎదురుచూడొద్దు. మహిళా హెల్ప్‌లైన్ 181, పోలీసులకు 112. ఆయన మారేలోపు మీరు, పిల్లలు ఏ రాత్రి ఎవరింటికి వెళ్ళాలో ముందే మాట్లాడి పెట్టుకోండి. కొంత డబ్బు, ఆధార్ కార్డులు, పిల్లల స్కూలు కాగితాలు ఆ ఇంట్లోనే ఉంచండి.